దొరికినవాళ్ళకు భయమేస్తే ఉంగరం ఇంటికి రాదు

వజ్రపు ఉంగరం పోయిందని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎంతది?". రెండో ప్రశ్న "ఎవరిమీద అనుమానం?". మొదటిదానికి ఓపిగ్గా జవాబు చెప్తున్నాను. రెండోది అడిగినవాళ్ళమీద ఈమధ్య విసుక్కుంటున్నాను, ఆ విసుగు ఎందుకో వివరంగా రాసేస్తే ఫోన్లో పదేపదే చెప్పే పని తప్పుతుందని ఇది మొదలుపెట్టాను.

ఉంగరం మా వదినది. కర్నూల్లో బంధువుల పెళ్ళిలో, భోజనాల దగ్గర పోయింది. ఇది రాస్తున్నప్పటికి దొరకలేదు. దొరుకుతుందని నాకు ఆశ ఉంది, వదినకు నాకంటే ఎక్కువ ఉంది. మా అన్న మాత్రం ఆ రాత్రే "అది ఈపాటికి కరిగిపోయుంటుంది, పడుకోండి" అని తేల్చేశాడు. ఆయన లెక్కలో పోయిన నగ వెనక్కి రాకపోవడానికి కారణం జనం దురాశ. నా లెక్క వేరు. దురాశ లేదని కాదు, ఉంటుంది, కానీ దొరికిన వస్తువును తెచ్చివ్వాలని మనసులో ఉన్నవాళ్ళను కూడా గడప దాకా రానివ్వనిది భయం. ఆ భయాన్ని పుట్టించేది పోగొట్టుకున్నవాళ్ళ ఇంటివాళ్ళే, అదీ మొదటి గంటలోనే.

పెళ్ళిభోజనాల బల్లలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. బల్ల పొడవునా కాగితం పరుస్తారు, దానిమీద అరిటాకులు. పంక్తి లేవగానే ఒకామె ఒక చివరనుంచి ఆ కాగితాన్ని చుట్టుకుంటూ వస్తుంది. ఆకు, ఎంగిలి, నీళ్ళ గ్లాసు, టిష్యూ, ఒక ముక్క కొరికి వదిలేసిన మైసూర్‌పాకు, అన్నీ ఒకే చుట్టలో పోయి డ్రమ్ములో పడతాయి. నిమిషం పట్టదు. తర్వాతి పంక్తివాళ్ళు అప్పటికే కుర్చీల వెనక నిలబడి మనం తినే ఓళిగల (బొబ్బట్ల) వంక చూస్తుంటారు కాబట్టి ఎంగిలి తీసేవాళ్ళకు ఆ ఆకుల్లో ఏముందో చూసే తీరిక ఉండదు. వదిన ఓళిగమీద నెయ్యి పోయించుకునే ముందు ఉంగరం తీసి టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టింది. రాయి కింద సందుల్లో నెయ్యీ పూర్ణమూ ఇరుక్కుంటే శుభ్రం చేయడం ఎంత చిరాకో రాళ్ళ ఉంగరం పెట్టుకునే ఎవరికైనా తెలుసు. ఇంతలో ఎవరో స్టేజి మీదికి ఫొటోకు రమ్మన్నారు, లేచి పోయింది. తిరిగొచ్చేసరికి బల్లమీద కొత్త కాగితం, కొత్త ఆకులు, కొత్త జనం.

ఇంతవరకూ జరిగింది ఎక్కడైనా జరిగేదే. తర్వాత జరిగింది చెప్తాను. డ్రమ్ములు ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు. మా వాళ్ళలో ఇద్దరు పోయి వెనక గేటు మూశారు. ఎంగిలాకులు తీసే ఆడవాళ్ళను, గిన్నెలు తోమేవాళ్ళను వరసగా నిలబెట్టి సంచులు తెరిపించారు. నేను వద్దన్నాను, ఆ గోలలో నా మాట వినేవాళ్ళెవరు? ఒకామె సంచిలో స్టీలు క్యారియర్ ఉంది, ఇంట్లో పిల్లలకని పట్టుకున్న అన్నం, వంకాయ కూర, పైగిన్నెలో రెండు లడ్లు. ఉంగరం సంగతి వదిలేసి "ఈ లడ్లు నీకు ఎవరిచ్చినారు?" అని అక్కడొక విచారణ. వాళ్ళలో పెద్దామె ఒకామె, అరవై దాటి ఉంటాయి, కొంగు నడుముకు దోపుకుని నిలబడి, "మా సంచులు సూసినారు గదా సామీ, మీ సూట్‌కేసులు గూడా సూడండి మల్ల" అంది. ఎవరూ పలకలేదు. సూట్‌కేసులు ఎవరూ తెరవలేదు కూడా.

మర్నాడు పొద్దున ఆ ఆడవాళ్ళలో ఎవరికైనా ఆకుల కుప్పలో ఆ టిష్యూ చుట్ట కనిపించిందనుకుందాం. తీసుకొచ్చి ఇస్తుందా? ఇస్తే ఏమడుగుతారో ఆమెకు ముందురోజే తెలిసిపోయింది. "నిన్న సంచిలో లేనిది ఈరోజు యాడనుంచి వచ్చింది?" ఆ ఒక్క ప్రశ్నకు భయపడే మనిషికి మిగిలే దారులు రెండే. ఉన్నచోటే వదిలేసి పోవడం, లేదా గుట్టుగా అమ్ముకోవడం. రెండు దారుల్లోనూ వదిన ఉంగరం ఇంటికి రాదు. సంచులు వెతకమన్న మా పెద్దమనుషులు ఉంగరాన్ని కాపాడామనే అనుకుంటున్నారు, నిజానికి అది తిరిగొచ్చే దారి మూసేశారు. పోలీసులే అయినా ఆడవాళ్ళను సోదా చేయాలంటే ఇంకో ఆడమనిషి చేతే చేయించాలి, మర్యాదకు భంగం రాకుండా చేయాలి అని చట్టంలో ఉంది. పెళ్ళికొడుకు మేనమామకు ఆ అధికారం ఎవరిచ్చారో నాకు తెలియదు.

ఇది ఇప్పటి జబ్బు కాదు. శకుంతల ఉంగరం కథలో ఉంగరం నీళ్ళలో పడడం, చేప మింగడం అందరికీ గుర్తుంటాయి. ఆ చేపను కోసిన జాలరి గతి ఏమైందో చాలామందికి గుర్తుండదు. అమ్ముదామని బజారుకు తెస్తే రాజభటులు పట్టుకుని, చేతులు వెనక్కి కట్టి, కొట్టుకుంటూ తీసుకుపోతారు. చేప కడుపులో దొరికిందని మొత్తుకుంటే నవ్వుతారు, చంపేస్తామని బెదిరిస్తారు. ఉంగరం చూసి రాజుకు అన్నీ గుర్తొచ్చి బహుమానం పంపించాడు కాబట్టి బతికాడు, ఆ బహుమానంలోనూ సగం భటుల కల్లు ఖర్చుకే పోయింది. రాజు ఆ ఉంగరాన్ని గుర్తుపట్టకపోయి ఉంటే?

మా కర్నూలు జిల్లాలో ఈ భయం ఇంకో రూపంలో ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది, అటు అనంతపురం వైపు వజ్రకరూరులోనూ అంతే. పక్క జిల్లాలనుంచి, కర్ణాటకనుంచి కూడా అన్నం మూటలు కట్టుకుని వచ్చి పొద్దంతా ఎర్రనేలలో తల వంచుకుని నడుస్తారు. వాన పడితే పైమట్టి కడుక్కుపోయి రాయి బయటపడుతుందని అదను చూసుకుని వస్తారు. ఏటా పేపర్లో ఒకే రకం వార్త. ఫలానా కూలీకి వజ్రం దొరికింది, వ్యాపారి ఇన్ని లక్షలూ ఇన్ని తులాల బంగారమూ ఇచ్చి కొన్నాడు, కూలీ పేరు మాత్రం బయటికి రాలేదు. ఎందుకు రాదు? చేను గలాయన వాటా అడుగుతాడని, అధికారులు వస్తారని, ఊళ్ళో కళ్ళు పడతాయని. దొరికినవాడు ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిదనుకుంటాడు, అందుకే ధర వ్యాపారి చెప్పిందే ధర. "మన జిల్లావాళ్ళకు రాయి దొరికితే దాచుకోవడం అలవాటే" అని మా అన్న ఎగతాళి చేస్తాడు. దాచుకోవడం కాదన్నా, దడుచుకోవడం అంటాను నేను.

అయినా చేలో దొరికిన రాయి వేరు, బల్లమీద దొరికిన ఉంగరం వేరు. రెండోదానికి యజమాని ఉన్నారు, ఎక్కడో వెతుక్కుంటూ ఉంటారు. చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే స్పష్టంగా ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 403వ సెక్షన్ కింద, దానికి బదులుగా 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ కింద ఉదాహరణలు కొన్ని ఇచ్చారు. ఒకదాంట్లో ఒకడికి రోడ్డుమీద రూపాయి దొరుకుతుంది, ఎవరిదో తెలియదు, తీసుకుంటాడు, అది నేరం కాదు. ఇంకోదాంట్లో ఒకడికి విలువైన ఉంగరం దొరుకుతుంది, ఎవరిదో తెలియదు, యజమాని ఎవరో తెలుసుకునే ప్రయత్నమే చేయకుండా వెంటనే అమ్మేస్తాడు, అది నేరం. చూశారా, నూటయాభై ఏళ్ళ పైగా మన చట్టంలో సరిగ్గా ఉంగరమే కూర్చుని ఉంది! శిక్ష ఇప్పుడు ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ దాకా, దాంతోపాటు జరిమానా.

సరే, దొరికినవాళ్ళ బాధ్యత గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళు వాళ్ళ హక్కు గురించి ఎందుకు మాట్లాడరు? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం దొరికిన వస్తువును ఉంచుకున్నవాళ్ళు దాన్ని జాగ్రత్తగా చూడాలి, యజమానిని వెతకడానికీ వస్తువును కాపాడడానికీ అయిన ఖర్చు యజమాని ఇచ్చేదాకా వస్తువును తమ దగ్గర పెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది, యజమాని ఇంత బహుమానం ఇస్తానని ప్రకటించి ఉంటే ఆ సొమ్ముకోసం దావా కూడా వేయొచ్చు. అంటే "తెచ్చిచ్చినవాళ్ళకు తగిన పారితోషికం" అని నంగిగా రాసి, తీరా తెచ్చిచ్చాక ఐదొందలు చేతిలో పెట్టి దండం పెట్టే పెద్దమనుషులకు చెక్ పడాలంటే అంకె రాయించాలి. అదీ వెంటనే రాయించాలి. 1913లో అలహాబాద్ హైకోర్టులో ఒక కేసు వచ్చింది. తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతకడానికి యజమాని తన గుమాస్తాను పంపాడు, అతను పోయాక 501 రూపాయల బహుమానం ప్రకటించాడు. ఆ సంగతి తెలియకుండానే గుమాస్తా పిల్లవాణ్ణి పట్టుకున్నాడు. తర్వాత సొమ్ము అడిగితే కోర్టు ఇప్పించలేదు, ప్రకటన గురించి అతనికి తెలియదు కదా అంది. కాబట్టి ఎవరి చేతికి ఉంగరం తగలొచ్చో వాళ్ళ చెవిన ఆ అంకె ముందే పడాలి.

బహుమానం అనగానే మా అన్న "మన ఉంగరానికి మనమే డబ్బు కట్టాలా?" అని లేస్తాడు. ఇక్కడ కాస్త లెక్క వేసుకోవాలి. వదిన ఉంగరంలో బంగారం నాలుగు గ్రాములు, వజ్రాల నగ కాబట్టి 18 క్యారెట్లది, అంటే మేలిమి మూడు గ్రాములే. రాయి అర క్యారెట్. బంగారానికి క్యారెట్ మేలిమి లెక్క, రాయికి తూకం లెక్క, రాళ్ళ తూకంలో క్యారెట్ అంటే 0.2 గ్రాము, ఆ లెక్కన మనం ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆ రాయి బరువు 0.1 గ్రాము. దీన్ని బిల్లూ సర్టిఫికెట్టూ లేకుండా ఒక కూలి మనిషి అంగడికి తీసుకుపోతే ఏం జరుగుతుంది? తూకానికి వచ్చేది బంగారమే. రాయి అసలుదా అని మీటరు పెట్టి చూస్తారు. ల్యాబులో తయారైన వజ్రమూ గనిలో దొరికిన వజ్రమూ వేడిని ఒకేలా లాక్కుంటాయి కాబట్టి వేడి చూసే ఆ చిన్న మీటరుకు రెండింటికీ తేడా తెలియదు. ఆ వంకతో కొనేవాడు రాయికి ధరే కట్టడు, లేదా చాక్లెట్ డబ్బులిస్తాడు. అంటే ఈ ఉంగరానికి వదిన దగ్గర ఉన్న విలువలో పదోవంతు కూడా దొరికినవాళ్ళ చేతిలో లేకపోవచ్చు. అలాంటప్పుడు బజారు ఇచ్చేదానికంటే మనం ఎక్కువిస్తామని ముందే చెప్పడం దానధర్మం కాదు, శుద్ధ వ్యాపారం. ఈ మాట అన్నకు నచ్చింది. ఆయన ఎరువుల డీలరు.

చిక్కల్లా తర్వాత వచ్చింది. ఒక మామయ్య దొంగతనం కింద కంప్లైంట్ ఇచ్చి భోజనాల కాంట్రాక్టరు మనుషుల పేర్లు రాయమన్నాడు. ఇన్సూరెన్స్ ఉంటే దానికీ పనికొస్తుందని సలహా. నిజమే, చాలా పాలసీల్లో దొంగతనానికి కవర్ ఉంటుంది, ఎలా పోయిందో చెప్పలేని నగకు ఉండదు. పోయిన వస్తువును పోయిందని చెప్పకుండా ఎత్తుకుపోయారని చెప్పే అలవాటుకు ఇదొక కారణమనే నా అనుమానం. కానీ ఆ కాగితంమీద పేరు పడ్డ ప్రతి మనిషీ స్టేషన్ చుట్టూ తిరగాలి, తిరిగిన ప్రతిరోజూ కూలి పోతుంది, వీధిలో పేరూ పోతుంది. ఎవరూ తీయడం చూడని వస్తువును ఎత్తుకుపోయారని తెలిసీ రాసివ్వడం కూడా నేరమే. చివరికి వస్తువు పోయిందనే రాసిచ్చాం, గుర్తులతో సహా.

ఇంక శ్లోకాల సంగతి. పోయిన వస్తువుకోసం కార్తవీర్యార్జునుడి శ్లోకం చదవడం మన ఇళ్ళలో ఉన్నదే, మా అమ్మ ఆ రాత్రినుంచే మొదలుపెట్టింది. మంత్రాలయం మొక్కు కూడా పడింది. నాకు వీటితో ఏ పేచీ లేదు. అమ్మ టెన్షన్ తగ్గుతుంది, ఎవరికీ నష్టం లేదు. స్వీడన్‌లో ఒకామె ఉంగరం పదహారేళ్ళ తర్వాత పెరట్లో క్యారెట్ దుంపకు తొడుక్కుని బయటికొచ్చిందన్న నిజం వార్త కూడా వాట్సాప్‌లో పంపినవాళ్ళున్నారు, వదిన దాన్ని చదివి సంబరపడింది, మంచిదే. పేచీ అంజనంతో. ఒక బంధువు "ఆయన తమలపాకులో మొహం చూపిస్తాడు" అని పక్క ఊరికి బయల్దేరదీశాడు. శ్లోకం ఎవరి పేరూ చెప్పదు. అంజనం చెబుతుంది, లేదా పేరు చెప్పకుండా "ఎర్రగా, పొట్టిగా, మీకు తెలిసిన ఆడమనిషి" అంటుంది, ఆ తర్వాత ఎర్రగా పొట్టిగా ఉన్న ప్రతి ఆడమనిషినీ మనం జన్మంతా అదోలా చూస్తాం. ఉంగరం దొరికినా ఆ చూపు పోదు. ఆ ప్రయాణం ఆపించడానికి నేను వదినతో కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది.

అడిగే పద్ధతిలోనే సగం ఉందని చెప్పే సంఘటన ఒకటుంది. 2013లో అమెరికాలో కాన్సస్ సిటీలో ఒకామె రోడ్డుపక్క అడుక్కునే ఆయన కప్పులో చిల్లర వేస్తూ, పర్సులో పెట్టుకున్న తన నిశ్చితార్థపు వజ్రపు ఉంగరాన్ని కూడా తెలియకుండా వేసేసింది. ఆయన దాన్ని అంగట్లో చూపిస్తే వేల డాలర్ల ధర చెప్పారు. అమ్మలేదు. ఆమె వెతుక్కుంటూ వచ్చి, నేను మీకు నాకెంతో విలువైనది ఒకటి ఇచ్చేసినట్టున్నాను అన్న ధోరణిలో అడిగింది. ఆయన ఉంగరమేనా అని అడిగి, మీకోసమే దాచాను అని ఇచ్చేశాడు. తర్వాత జనం ఆయనకోసం చందాలు వేసి లక్ష డాలర్లకు పైగా పోగుచేశారు, ఆ భాగం అందరికీ ఇష్టం. నాకు మాత్రం ఆమె అడిగిన తీరే ముఖ్యం. నువ్వు తీశావు అనలేదు, నేను ఇచ్చేశాను అంది. ఆమె పోలీసును వెంటబెట్టుకుని వచ్చి ఉంటే ఆయన కప్పు బోర్లించి చూపించి ఊరుకునేవాడేమో.

మేం ఆ రాత్రి వెతికిన తీరు కూడా అంతంత మాత్రమే. మండపం వెనక మిగిలిన చెత్తమీద ఫోన్ టార్చిలు కొట్టి మెరుపుకోసం చూశారు. నెయ్యీ నూనే అంటిన వజ్రం మెరవదు. వజ్రం నూనె జిడ్డును బాగా పట్టుకుంటుంది, దక్షిణాఫ్రికా కింబర్లీ గనుల్లో జిడ్డు పూసిన బల్లలమీదుగా కంకర నీళ్ళు పారించి, జిడ్డుకు అంటుకుపోయిన వజ్రాలను ఏరుకునేవాళ్ళు. ఓళిగల నేతిలో మునిగిన ఉంగరం టార్చి వెలుగులో గాజుపెంకులా కూడా కనిపించదు. చెత్తను కొంచెంకొంచెంగా జల్లెడలో వేసి నీళ్ళతో కడిగి వేళ్ళతో తడమాలి. చేతులు కడిగేచోట సింకు కింద వంకర పైపు మాత్రం ప్లంబరు చేత విప్పించాం. బకెట్లోకి నల్లటి బురద, అన్నం మెతుకులు, చింతగింజ, రెండు పిన్నీసులు, ఎవరిదో కమ్మ శీల ఒకటి పడ్డాయి. ఆ శీల ఇంకా మా దగ్గరే ఉంది. మాకు దొరికినదానికి యజమానిని మేం వెతుకుతున్నామా అంటే, పెళ్ళివాళ్ళ గ్రూపులో పెట్టాం, ఇద్దరు మాదే అన్నారు.

అందుకే మా ప్రకటనలో ఉంగరం వర్ణన అంతా రాసి ఒక గుర్తు మాత్రం రాయలేదు. తెచ్చినవాళ్ళను ప్రశ్నలు అడగం అని పెద్ద అక్షరాల్లో వేశాం, అంకె వేశాం. నేరుగా రావడానికి మొహమాటమైతే కర్నూలు పాతబస్తీలో మాకు తెలిసిన ఒక కంసాలి దగ్గర ఇచ్చేసి డబ్బు తీసుకుపోవచ్చని రాశాం. చదవడం రానివాళ్ళకు కాగితం ఏం పనికొస్తుందని వదిన స్వయంగా ఆ ఎంగిలాకులు తీసినవాళ్ళ వీధికి పోయింది. నేనూ వెంట పోయాను. లడ్ల క్యారియర్ ఆమె తలుపు తీయలేదు. సూట్‌కేసులు చూడమన్న పెద్దామె మాత్రం అరుగుమీద కూర్చోబెట్టి, వదిన "ఆ రోజు మా వాళ్ళు చేసింది తప్పమ్మా" అంటే వింది, ఏమీ అనలేదు. కాసేపయ్యాక తనే అడిగింది, "ఇంతకీ ఆకులు యాడ ఎతికినారు?"

మండపం వెనక, తర్వాత మున్సిపాలిటీ ట్రాక్టరు వాళ్ళను అడిగాం అని చెప్పాం.

"ట్రాక్టరుకు యాడ పోయినాయి తల్లీ? మద్దేనం పంక్తుల ఆకులన్నీ బర్రెలాయప్ప ఆటోలో ఎత్తకపోయినాడు. ఆయప్ప అట్లే పెట్టడు బర్రెలకు, కాయితాలు, పలాస్టిక్కు ఏరి కొట్టం ఎనక పారేస్తాడు. ఆపొద్దు మమ్మల్ని ఎవురూ అడగల్యా."

ఆ పాడికొట్టం హంద్రీ నది వైపు ఉంది. ఆయనతో మాట్లాడాం, కాగితాల కుప్ప ఇంకా తగలబెట్టలేదన్నాడు, వచ్చి చూసుకోండన్నాడు. పశువులు మేతతోపాటు మేకులూ తీగలూ మింగేస్తాయని, అవి కడుపులో ఒక అరలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయని పశువుల డాక్టర్లు చెప్పే మాట నాకు గుర్తొచ్చింది గానీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మా అన్న బర్రెమీద అనుమానం అంటాడు. ఈ ఆదివారం పొద్దున్నే రెండు జల్లెళ్ళు, నీళ్ళ డ్రమ్ము, గ్లౌజులు తీసుకుని పోతున్నాం. పెద్దామె కూడా వస్తానంది, రోజు కూలి ముందే మాట్లాడుకుంది, ఉంగరం దొరికితే ప్రకటనలో వేసిన అంకె వేరే. వదిన సరేనంది. అన్న ఇంకా బేరమాడదామనే అంటున్నాడు.